ఏడుపుకి ముందే చెబుతుంది పాప: అలసట గుర్తులు చదవడం ఎలా?

మా పాపకి 5 నెలలు వచ్చేసరికి సాయంత్రాలు ఒక విచిత్రం మొదలైంది. ఆరున్నర దాటిందంటే చాలు, తెగ హుషారు. కాళ్ళు టపటపా కొట్టుకోవడం, కేరింతలు, ఎవరు కనబడితే వాళ్ళని చూసి నవ్వడం. "ఇంత హుషారుగా ఉంటే ఇప్పుడేం పడుకుంటుంది" అనుకుని ఇంకాసేపు ఆడించేవాళ్ళం. ఇరవై నిమిషాల్లో ఆ నవ్వు ఉన్నట్టుండి ఏడుపయ్యేది. ఎత్తుకున్నా ఆగదు. పాలు పట్టబోతే మొహం తిప్పేస్తుంది. పడుకోబెడితే వీపు విల్లులా వంచేస్తుంది. గంటసేపు ఏడ్చి ఏడ్చి, చివరికి సొమ్మసిల్లినట్టు నిద్రపోయేది. కడుపునొప్పేమో అనుకున్నాం, పళ్ళు వస్తున్నాయేమో అనుకున్నాం. ఆ హుషారే అలసట అని అర్థం కావడానికి నాకు దాదాపు నెల పట్టింది.

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని సామెత. బాగా అలిసిన పెద్దవాళ్ళు కూర్చున్నచోటే కునుకు తీస్తారు. పసిపిల్లల దగ్గర మాత్రం ఈ మాట చెల్లదు. అలసట ఒక హద్దు దాటిందంటే వాళ్ళకి నిద్ర పట్టడం ఇంకా కష్టమవుతుంది. "బాగా అలిసిపోనిద్దాం, అప్పుడు హాయిగా పడుకుంటుంది" అన్న లెక్క ఇక్కడే తప్పుతుంది. అది ఎందుకు తప్పుతుందో తెలిస్తే, పాప ఇచ్చే గుర్తుల్లో దేన్ని ముందుగా పట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

అలిస్తే నిద్ర రావాలి కదా?

నిద్రని రెండు వ్యవస్థలు కలిసి నడుపుతాయని అలెగ్జాండర్ బోర్బెలీ అనే శాస్త్రవేత్త 1982లో ప్రతిపాదించాడు. నిద్ర గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ అక్కడినుంచే మొదలుపెడతారు. మొదటిది నిద్ర ఒత్తిడి. మేలుకుని ఉన్నంతసేపూ ఇది పెరుగుతుంది, పడుకుంటే దిగుతుంది. మెదడు పని చేస్తున్నకొద్దీ అడినోసిన్ అనే పదార్థం పోగుపడటం దీనికి ఒక ముఖ్య కారణం. రెండోది ఒంట్లో ఉండే గడియారం. వెలుగునీ చీకటినీ బట్టి ఎప్పుడు మేలుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో ఇది చెబుతుంది.

పెద్దవాళ్ళం ఆ ఒత్తిడిని పొద్దున్నుంచి రాత్రి దాకా మోయగలం. పుట్టిన కొత్తలో పాప ఒక గంట మోస్తే గొప్ప. పాలు తాగి, డైపర్ మార్పించుకుని, కాసేపు మీ మొహం చూసేసరికి ఆ గంట అయిపోతుంది. ఇక రెండోది, అంటే ఒంట్లోని గడియారం, అప్పటికింకా నడవడమే మొదలుపెట్టదు. చీకటి పడగానే పెరగాల్సిన మెలటోనిన్ అనే హార్మోన్ ఒక పద్ధతిలో విడుదల కావడం సుమారు 2, 3 నెలల వయసులో మొదలవుతుంది. అందుకే మొదటి వారాల్లో పాపకి రాత్రీ పగలూ ఒకటే. మీ పెంపకంలో లోపం ఏమీ లేదు.

ఇంతవరకూ అయితే ఒత్తిడి నిండగానే పాప నిద్రపోవాలి. కానీ నిద్రపోవాలంటే ముందు ఒళ్ళు సద్దుమణగాలి, చుట్టూ ఉన్న వెలుగునీ చప్పుడునీ పక్కన పెట్టగలగాలి. తనంతట తాను సద్దుమణగడం పసిపిల్లలకి ఇంకా రాదు. ఆ సమయంలో సాయం దొరక్కపోతే చిరాకు పెరుగుతుంది, చిరాకు ఏడుపవుతుంది. ఏడుస్తుంటే గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి అదురుతుంది, కాళ్ళూ చేతులూ బిగుసుకుంటాయి. ఆ స్థితిలో ఎంత అలసట ఉన్నా నిద్ర లోపలికి రాలేదు. నిద్ర లేక ఏడుపు, ఏడుపు వల్ల నిద్ర లేదు. మా ఇంట్లో ప్రతి సాయంత్రం జరిగింది ఇదే.

మగత అనే కూడలి

పిల్లల వైద్యుడు టి. బెర్రీ బ్రేజల్టన్ 1973లో అప్పుడే పుట్టిన పిల్లల ప్రవర్తనని అంచనా వేసే ఒక పద్ధతిని ప్రచురించాడు. అందులో పాప ఉండే స్థితుల్ని ఆరుగా విడదీశాడు. గాఢ నిద్ర, కదలికలుండే తేలిక నిద్ర, మగత, ప్రశాంతమైన మెలకువ, చిరాకు కలిసిన మెలకువ, ఏడుపు. ఈ వరసని నేను ఎన్నోసార్లు మనసులో తిప్పుకున్నాను. ఎందుకంటే ఇందులో మగత అన్నది కూడలి లాంటిది. అక్కడినుంచి పాప నిద్రలోకి జారగలదు, చిరాకులోకీ వెళ్ళగలదు. ఎటు వెళ్తుందన్నది చాలావరకు ఆ కొన్ని నిమిషాల్లో తన చుట్టూ ఏం జరుగుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. గట్టిగా మాటలు, లైట్లు, చేతులు మారడం, గిలక్కాయ ఊపడం చిరాకు వైపు లాగుతాయి. మసక వెలుతురు, ఒకే భుజం, ఒకే గొంతు నిద్ర వైపు తీసుకెళ్తాయి.

చిక్కంతా ఏమిటంటే, మగత మొదలైనప్పుడు కనబడే గుర్తులు చాలా నెమ్మదైనవి. మనం వాటిని అలసటగా చదవం. "బుద్ధిగా ఉంది" అనుకుంటాం.

నా దృష్టిలో అన్నిటికంటే ముందుగా కనబడేది చూపు. అప్పటిదాకా మీ కళ్ళలోకి చూసిన పాప ఉన్నట్టుండి గోడకేసి చూస్తుంది, కానీ గోడ మీద ఏదీ చూడదు. రెప్పలు వాలి ఒక క్షణం ఆగి లేస్తాయి. ఊకొట్టడం ఆగిపోతుంది. బొమ్మ చేతిలోంచి జారితే దాని కోసం వెతకదు. చేతులూ కాళ్ళూ నెమ్మదిస్తాయి. కొందరు పిల్లల్లో కనుబొమ్మల చుట్టూ చర్మం లేత ఎరుపుకి తిరుగుతుంది. ఒంటి రంగుని బట్టి అది కొందరిలో అసలు కనబడకపోవచ్చు, దాని కోసమే చూస్తూ కూర్చోకండి. ఇది నిద్రపుచ్చడానికి సిద్ధమయ్యే సమయం.

దీన్ని వదిలేస్తే మనందరికీ తెలిసిన గుర్తులు వస్తాయి. ఆవలింతలు, కళ్ళు నులుముకోవడం, చెవి లాక్కోవడం, ఎత్తుకుంటే భుజంలో మొహం దూర్చడం, సన్నగా మూలగడం. ఇప్పటికీ ఆలస్యం కాలేదు, కానీ ఇంకో ఆట మొదలుపెట్టే టైమ్ కూడా లేదు. ఇది కూడా దాటితే పిడికిళ్ళు బిగుసుకుంటాయి, కదలికలు కుదుపుల్లా మారతాయి, వీపు వెనక్కి వంగుతుంది, దేనికీ ఊరుకోదు. కొందరు పిల్లల్లో ఏడుపుకి ముందు మా పాపలాగే ఆ విపరీతమైన హుషారు వస్తుంది. దానికీ మామూలు సంతోషానికీ తేడా తెలుసుకోవచ్చు. సంతోషంగా ఉన్న పాప ఒకదాని మీద కాసేపు నిలుస్తుంది. అలిసిన హుషారులో చూపు ఎక్కడా నిలవదు. నవ్వు గొంతు పెంచుతూ పోతుంది, ఏ చిన్న తేడా వచ్చినా పెదవి విరిచేస్తుంది.

వయసుతో పాటు ఈ భాష కూడా మారుతుంది. నెల పాప కళ్ళు నులుముకోలేదు, చెయ్యి తనకి కావలసిన చోటికి ఇంకా వెళ్ళదు. తనకి తెలిసింది ఆవలించడం, నుదురు ముడతలు పెట్టడం, కాళ్ళూ చేతులూ ఉలికిపడినట్టు విసరడం. నాలుగైదు నెలలకి కళ్ళు నులుముకోవడం వస్తుంది. ఏడాది దగ్గరపడ్డ బిడ్డ అయితే నడుస్తూ నడుస్తూ పడిపోతుంది, బొమ్మలు విసిరేస్తుంది, బిస్కెట్టు రెండు ముక్కలైందని ఏడుస్తుంది, ఎత్తుకోమని వేలాడుతుంది, ఎత్తుకుంటే దింపమంటుంది. దీన్ని మొండితనం అని పేరు పెట్టే ముందు గడియారం చూడండి.

ఒకే గుర్తుకి రెండు అర్థాలు

ఇక్కడిదాకా చదివి జాబితా కట్టేసుకుంటే పొరపాటు. ఏ ఒక్క గుర్తూ తనంతట తాను నిద్ర అని చెప్పదు.

ఆవలింతనే తీసుకోండి. గర్భంలో ఉన్న బిడ్డ కూడా ఆవలిస్తుంది, స్కానింగ్‌లో అది కనబడుతుంది. నిద్ర లేవగానే కూడా పిల్లలు ఆవలిస్తారు. ఇప్పుడే రెండు గంటలు పడుకుని లేచిన పాప ఆవలించిందని మళ్ళీ పడుకోబెడితే పేచీ పెట్టడంలో తప్పేముంది? చెవి లాక్కోవడం అలసట కావచ్చు, చెవి అనేది ఒకటుందని కొత్తగా తెలిసిన సరదా కావచ్చు. జ్వరంతో కలిసి ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి. చెయ్యి నోట్లో పెట్టుకోవడం ఆకలికీ గుర్తే, మూడు నాలుగు నెలల తర్వాత ఆటకీ గుర్తే. ఆకలైతే సాధారణంగా దానితో పాటు ఇంకొన్ని ఉంటాయి. బుగ్గ తాకితే నోరు తెరిచి అటు తిరగడం, పెదవులు చప్పరించడం, ఎత్తుకున్నవాళ్ళ ఛాతీ వైపు వెతకడం.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది మొహం తిప్పుకోవడం. పసిపిల్లలకి "చాలు" అని చెప్పడానికి ఉన్న కొద్ది మార్గాల్లో అదొకటి. చుట్టాలంతా మీద పడి పలకరిస్తుంటే ఇప్పుడే లేచిన పాప కూడా మొహం తిప్పుకుంటుంది. అది నిద్ర అడగడం కాదు, కాస్త విరామం అడగడం. నేను చేసే పని ఒకటుంది. అనుమానం వస్తే పాపని పక్క గదిలోకి, మసక వెలుతురులోకి తీసుకెళ్ళి రెండు మూడు నిమిషాలు ఊరికే ఎత్తుకుని ఉంటాను. ఊపను, మాట్లాడను. కళ్ళు మళ్ళీ మెరిసి చుట్టూ వెతకడం మొదలుపెడితే ఆటకి సిద్ధమే, హోరు మాత్రమే ఎక్కువైంది. ఒళ్ళు నా మీద బరువుగా వాలితే నిద్రే.

కాబట్టి గుర్తు కనబడగానే మనసులో రెండు ప్రశ్నలు రావాలి. చివరిసారి ఎప్పుడు లేచింది? చివరిసారి ఎప్పుడు తాగింది? ఈ రెండూ తెలిస్తే అదే ఆవలింత వేరేగా అర్థమవుతుంది.

గడియారం ఎంతవరకు?

రెండు నిద్రల మధ్య పిల్లలు హాయిగా మేలుకుని ఉండగలిగే సమయాన్ని ఇప్పుడు చాలామంది వేక్ విండో అంటున్నారు. స్థూలంగా చెప్పాలంటే మొదటి నెలలో ముప్పావుగంట నుంచి గంట, 3, 4 నెలలకి గంటన్నర నుంచి రెండు గంటలు, 6 నెలలకి రెండు మూడు గంటలు, ఏడాది దగ్గరికి వచ్చేసరికి మూడు నాలుగు గంటలు. ఇవి తల్లిదండ్రుల అనుభవం నుంచి వచ్చిన అంచనాలే, ల్యాబ్‌లో తేల్చిన కొలతలు కావు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే పుట్టిన రోజు నుంచి కాకుండా, డాక్టరు ముందు చెప్పిన డెలివరీ తేదీ నుంచి వయసు లెక్కపెట్టుకోవాలి.

రోజు మొత్తం నిద్ర గురించి మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టమైన సూచనలు ఇచ్చింది. పగటి నిద్రతో కలిపి 3 నెలల లోపు 14 నుంచి 17 గంటలు, 4 నుంచి 11 నెలల వరకు 12 నుంచి 16 గంటలు, 1, 2 ఏళ్ళ వయసులో 11 నుంచి 14 గంటలు. అంత పెద్ద తేడా ఎందుకిచ్చారో గమనించండి. 12 గంటలు పడుకునే 6 నెలల బాబూ మామూలే, 15 గంటలు పడుకునే పాపా మామూలే. పక్కింటి బిడ్డతో పోల్చుకుని టెన్షన్ పడక్కర్లేదు. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే ఇద్దరు వైద్యులు 1956లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన దీర్ఘకాల అధ్యయనం, పిల్లల స్వభావాల్లో తేడాలు మొదటి నెలల నుంచే కనబడతాయని చూపించింది. కొందరు అలసటని గట్టిగా చాటుతారు. కొందరు మౌనంగా మోసి మోసి ఒక్కసారిగా కూలిపోతారు. రెండో రకం బిడ్డ ఉన్న ఇంట్లో గుర్తుల కోసం చూస్తూ కూర్చుంటే దొరకవు, అక్కడ గడియారమే ఎక్కువ సాయం చేస్తుంది.

నా అభిప్రాయం ఇది. ఎప్పటినుంచి పాపని జాగ్రత్తగా గమనించాలో గడియారం చెబుతుంది. ఇప్పుడు పడుకోబెట్టాలా వద్దా అన్నది పాప చెబుతుంది. రెండు గంటల వేక్ విండో అనుకుంటే, గంటన్నర దాటగానే కొత్త ఆట ఏదీ మొదలుపెట్టకుండా మొహం వైపు చూస్తూ ఉండండి. అరగంటే పడుకుని లేచిందా, తర్వాతి గుర్తులు ముందే వస్తాయి. 6 నెలల లోపు పిల్లలు అరగంట, ముప్పావుగంట కునుకులు తీయడం మామూలే. యాప్‌లో టైమ్ కాలేదని కళ్ళు వాలిపోతున్న పాపని బలవంతంగా ఆడించడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఇంకో మాట. పుట్టిన రెండు వారాల నుంచి పిల్లల ఏడుపు పెరుగుతూ వచ్చి, సుమారు 6 వారాల దగ్గర శిఖరానికి చేరి, 3, 4 నెలలకి తగ్గుతుంది. అది కూడా ఎక్కువగా సాయంత్రాలే. ఈ వయసులో గుర్తులన్నీ సరిగ్గా చదివినా, అన్నీ సరిగ్గా చేసినా కొన్ని సాయంత్రాలు ఏడుపు తప్పదు. ఆ ఏడుపుకి మీ తప్పేదో వెతుక్కోకండి.

గుర్తు పట్టాక

తొలి గుర్తులు దొరికితే చేయాల్సింది చాలా తక్కువ. లైటు తగ్గించి, టీవీ ఆపి, గొంతు తగ్గించి, ఒకరే ఎత్తుకోవడం. రోజూ అదే వరసలో చేసే రెండు మూడు పనులుంటే ఇంకా మంచిది. డైపర్ మార్చడం, కర్టెన్ వేయడం, అదే జోలపాట. కొన్ని వారాలకి ఆ వరస మొదలవగానే పాప ఒళ్ళు దానంతట అదే సడలడం మీకే తెలుస్తుంది.

అప్పటికే ఏడుపు పట్టిన పాపకి ఏం చేయాలి? జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమి కురోడా బృందం 2022లో ప్రచురించిన పరిశోధన నాకు చాలా పనికొచ్చింది. 21 మంది పసిపిల్లలతో చేసిన చిన్న అధ్యయనమే అయినా ఇంట్లో చేసి చూడగలిగే విషయం చెప్పింది. ఏడుస్తున్న పాపని ఎత్తుకుని ఆగకుండా, ఒకే వేగంతో 5 నిమిషాలు నడిస్తే ఏడుపు తగ్గుతుంది, దాదాపు సగం మందికి నిద్ర కూడా పడుతుంది. కూర్చుని ఎత్తుకుంటే ఆ ఫలితం రాలేదు. నిద్రపోయాక వెంటనే పడుకోబెట్టకుండా 5 నుంచి 8 నిమిషాలు ఎత్తుకుని కూర్చుంటే, దింపినప్పుడు లేచే అవకాశం తగ్గుతుంది. పాప లేచేది వీపు పరుపుకి తగిలినప్పుడు అనుకుంటాం కదా, మన ఒంటి నుంచి విడిపోవడం మొదలైనప్పుడే గుండె వేగం మారుతోందని వాళ్ళు గమనించారు. అందుకే నేను పడుకోబెట్టాక కూడా చెయ్యి పాప ఛాతీ మీద కాసేపు ఉంచి, నెమ్మదిగా తీస్తాను.

అలిసిన పాప దగ్గర మనం ఎక్కువగా చేసే పొరపాటు ఉపాయాలు మార్చడం. అర నిమిషం ఊపి, పాట పాడి, బొమ్మ చూపించి, ఇంకొకరి చేతికిచ్చి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి... ప్రతి మార్పూ పాపకి ఇంకో కొత్త విషయమే. ఒకటి ఎంచుకుని ఐదు నిమిషాలు దాని మీద ఉండండి. మీ ఓపిక పూర్తిగా అయిపోయినట్టనిపిస్తే పాపని తన పడకలో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, కొన్ని నిమిషాలు బయట నిలబడి ఊపిరి పీల్చుకోండి. ఆ కొన్ని నిమిషాల ఏడుపు వల్ల పాపకి ఏమీ కాదు. విసుగులో బిడ్డని గట్టిగా కుదిపితే మాత్రం మెదడు దెబ్బతింటుంది, ప్రాణమే పోవచ్చు.

ఎంత అలసటలో ఉన్నా పడక విషయంలో రాజీ పడకండి. ఏడాది లోపు పిల్లల్ని ప్రతి నిద్రకీ వెల్లకిలానే పడుకోబెట్టాలి. గట్టి, చదునైన పరుపు ఉండాలి. దిండ్లు, మెత్తటి బొమ్మలు, వదులు దుప్పట్లు ఉండకూడదు. గుడ్డలో చుట్టి పడుకోబెట్టే అలవాటుంటే, పాప బోర్లా పడటానికి ప్రయత్నించడం మొదలుపెట్టగానే అది మానేయాలి. పాపని గుండెల మీద వేసుకుని సోఫాలో మీరే నిద్రపోవడం చాలా ప్రమాదం. మీకు నిద్ర ముంచుకొస్తుంటే ముందు పాపని తన పడకలో వేసేయండి.

నిద్రలో వచ్చే చప్పుళ్ళ గురించి కూడా తెలియాలి. కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రని యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ 1953లో ప్రపంచానికి పరిచయం చేశారు. అప్పుడే పుట్టిన పిల్లల నిద్రలో దాదాపు సగం ఈ రకమే. అందులో వాళ్ళు మూలుగుతారు, నవ్వుతారు, కాళ్ళు తంతారు, ఒక్క క్షణం కళ్ళు కూడా తెరుస్తారు. లేచిందనుకుని మనం గబుక్కున ఎత్తుకుంటే నిజంగానే లేస్తుంది, నిద్ర చాలక అరగంటకే మళ్ళీ అలుస్తుంది. ఒక నిమిషం ఆగి చూడండి.

ఇది అలసట కానప్పుడు

కొన్నిసార్లు మగతగా కనబడేది జబ్బు. పాలకి కూడా లేవనంత మత్తుగా ఉండటం, లేపినా ఒళ్ళు వేలాడిపోవడం, చర్మం లేదా కళ్ళు పచ్చబడటం, మామూలు కంటే చాలా తక్కువ సార్లు మూత్రం పోయడం, ఊపిరి కష్టంగా తీసుకోవడం, ఎప్పుడూ లేని సన్నటి కీచు గొంతుతో ఆగకుండా ఏడవడం కనబడితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. 3 నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్ చేరితే, మిగతా అంతా బాగానే ఉన్నా, రాత్రి అయినా సరే, తెల్లారేదాకా ఆగకూడదు.

మా ఇంట్లో సాయంత్రాలు మారింది ఒక కాగితం ముక్క వల్ల. పాపని ఎవరు ఎత్తుకున్నా వాళ్ళకి తెలియాలని, లేచిన టైమూ తాగిన టైమూ రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించేవాళ్ళం. మొదటి వారం అందులో కొత్తగా ఏమీ కనబడలేదు. రెండో వారంలో తేలింది, సాయంత్రం కునుకు నాలుగింటికే అయిపోతోంది, మేము ఆరున్నర దాకా ఆడిస్తున్నాం. తనకి సరిపోయేది రెండు గంటలే. మర్నాడు ఆరింటికి ఐదు నిమిషాలుందనగా పాప చేతిలోని గిలక్కాయ వదిలేసి కిటికీకేసి చూసింది. కిటికీ బయట ఏమీ లేదు. లైటు తీసేసి భుజాన వేసుకున్నాను.